నాలుగు కిలోమీటర్ల ఊళ్లు, దాటలేని రోడ్లు

పర్లాకిమిడి నుంచి పాతపట్నానికి నాలుగైదు కిలోమీటర్లకు మించి ఉండదు. మధ్యలో మహేంద్రతనయ నది. ఒక గట్టు ఒడిశా, రెండో గట్టు ఆంధ్రప్రదేశ్. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్నం అటు వెళ్లింది, జమీందారీలో కొంత భాగం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయింది. చుట్టరికాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. నీలమణి దుర్గమ్మ గుడికి, బట్టల కొట్లకి, ఆస్పత్రికి, అత్తారింటికి జనం రోజూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. సైకిలు మీద ఇరవై నిమిషాల దారి. చురుగ్గా నడిస్తే గంట.

సాయంత్రం పూట ఆ దారిలో ఎక్కువగా కనిపించేవి మోటారు సైకిళ్లు, ఆటోలు. సైకిళ్లూ ఉంటాయి. పాలక్యాన్లు కట్టుకున్నవాళ్లు, తాపీ పనికి వెళ్లొస్తున్న కూలీలు, యూనిఫాం పిల్లలు వాటి మీద వెళ్తుంటారు. బండి కొనగలిగినవాళ్లు కొనేశారు, కొనలేనివాళ్లు సైకిలు మీద మిగిలారు. బండి కొన్నవాళ్లని తప్పుపట్టడానికి లేదు. సందు దొరికితే దూరిపోయే ఆటోకీ, హారను ఆపకుండా వెనకే వచ్చే లారీకీ మధ్య సైకిలు తొక్కడం ఎంత టెన్షనో తొక్కినవాళ్లకే తెలుసు. 'ఈ కాలం వాళ్లు నాలుగడుగులు కూడా నడవరు' అని పెద్దవాళ్లు విసుక్కుంటారు గానీ, వాళ్లు కుర్రవాళ్లుగా ఉన్నప్పుడు ఆ నాలుగడుగులు వేయడానికి రోడ్డు మీద చోటుండేది.

నడక గురించి, సైకిలు గురించి పేపర్లలో రాసేదంతా ఆరోగ్యం చుట్టూనో, కాలుష్యం చుట్టూనో తిరుగుతుంది. నడవండి, షుగరు తగ్గుతుంది. తొక్కండి, పొగ తగ్గుతుంది. రెండూ నిజమే. అయితే పొద్దున్న అయిదింటికి కాలేజీ మైదానంలో బూట్లు వేసుకుని చుట్లు తిరిగే మనిషికీ, ఎనిమిదింటికి టిఫిను డబ్బా పట్టుకుని పనికి నడిచే మనిషికీ అవసరాలు ఒకటి కావు. మొదటి మనిషి కోసం మునిసిపాలిటీలు పార్కు కడతాయి, ట్రాకు వేస్తాయి, నాలుగు ఇనప కసరత్తు యంత్రాలు పెడతాయి. రెండో మనిషి ఏ లెక్కలోకీ రాడు.

అక్షరాలా లెక్కలోకి రాడు. 2011 జనాభా లెక్కల్లో పనికి ఎలా వెళ్తున్నారన్న పట్టిక ఒకటుంది. దేశం మొత్తమ్మీద నడిచి వెళ్లేవారు 22.6 శాతం, సైకిలు మీద వెళ్లేవారు 13.1 శాతం, స్కూటర్లు, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవారు 12.7 శాతం. కార్లవాళ్లు 3 శాతం లోపే. ఈ అంకెలే చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తాయి. కానీ ఆ పట్టికలో ఉన్నది 'ఇతర పనివారు' మాత్రమే. సేద్యం చేసుకునేవాళ్లు, వ్యవసాయ కూలీలు, ఇంట్లోనే మగ్గం నడిపే నేతగాళ్లు అందులో లేరు. బడికి వెళ్లే పిల్లలు లేరు. నీళ్లకి, రేషనుకి, సంతకి, అంగన్‌వాడీకి తిరిగే ఆడవాళ్లు లేరు. గజపతి, రాయగడ, కోరాపుట్ లాంటి ఒడిశా జిల్లాల్లో వీళ్లని పక్కన పెడితే ఇక మిగిలేది ఎందరు? 2011 తర్వాత మోటారు సైకిళ్లు బాగా పెరిగాయి కాబట్టి ఇవాళ లెక్క తీస్తే సైకిలు వాటా తగ్గే ఉంటుంది. నడక వాటా మాత్రం ఆ పట్టికలో కనిపించినదాని కంటే అప్పుడూ ఎక్కువే, ఇప్పుడూ ఎక్కువే. రోడ్డు వెయ్యాలంటే ముందు వాహనాల సర్వే చేస్తారు. గంటకి ఎన్ని లారీలు, ఎన్ని కార్లు అని గీతలు గీసుకుంటారు. అదే రోడ్డు అంచున నడిచి వెళ్లేవాళ్లకి ఆ కాగితంలో గడి ఉండటం అరుదు.

ఒడిశా సరిహద్దులోని ఈ ఊళ్లు కట్టిన తీరు చూస్తే ఇదంతా మరీ విచిత్రంగా ఉంటుంది. బరంపురం పాత బజారు వీధులు, పట్టు నేసే వీధులు, పర్లాకిమిడిలో కోట చుట్టూ అల్లుకున్న పేటలు అన్నీ మనుషులు నడిచే రోజుల్లో, నడిచే దూరాల్ని బట్టి ఏర్పడినవి. 2011 లెక్కల ప్రకారం పర్లాకిమిడి జనాభా సుమారు 46 వేలు, రాయగడది 71 వేలు, గుణుపురానిది పాతిక వేల లోపు. ఇంత చిన్న ఊళ్లలో ఇంటి నుంచి బజారుకి, బడికి, బస్టాండుకి ఉండే దూరం చాలామందికి రెండు మూడు కిలోమీటర్లలోనే తేలిపోతుంది. మూడున్నర లక్షల జనాభా ఉన్న బరంపురంలో కూడా పాత ఊరు వరకైతే అంతే. పెద్ద నగరాల్లో ఇరవై కిలోమీటర్లు వెళ్లి ఉద్యోగం చేసేవాళ్లని సైకిలెక్కమనడం అత్యాశ. ఇక్కడ దూరాన్ని తగ్గించాల్సిన పనే లేదు.

బరంపురం తన పాత స్వభావాన్ని రెండేళ్లకోసారి బయటపెట్టుకుంటుంది. ఠాకురాణి యాత్ర, అంటే అమ్మవారి జాతర, జరిగే రోజుల్లో ఘటాలు వీధి వీధికీ కదులుతుంటే, వేషాలు కట్టినవాళ్లు తిరుగుతుంటే, పాత ఊళ్లో బండి తీయాలన్న ఆలోచన ఎవరికీ రాదు. అర్ధరాత్రి దాకా పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు నడుస్తారు. వ్యాపారాలు మూతపడవు సరికదా, జోరందుకుంటాయి. యాత్ర అయిన మర్నాటి నుంచి అవే వీధుల్లో అంగుళం వదలకుండా బండ్లు నిలబెడతారు. వీధి ఇరుకు అని రోజూ వినిపించే ఫిర్యాదులో సగం వీధిది కాదు, దాని మీద కదలకుండా నిలబెట్టిన బండ్లది.

ఇక ఫుట్‌పాత్ సంగతి. ఈ ఊళ్లలో ఫుట్‌పాత్ అంటే దాదాపుగా మురుగుకాలువ మూత. రోడ్డు వేసినప్పుడు పక్కన కాలువ తవ్వుతారు, దాని మీద సిమెంటు పలకలు పరుస్తారు, నడక దారి అయిపోయిందంటారు. అలాంటి దారిలో ఏ ఊళ్లోనైనా ఒక యాభై గజాలు నడిచి చూడవచ్చు. వరసగా పది పలకలు బాగుంటాయి. పదకొండోది ఉండదు. పూడిక తీయడానికి లేపి, పక్కనే గోడకి ఆనించి మర్చిపోయారు. ఆ గుంతలో ఎవరో పుణ్యాత్ముడు వేపకొమ్మ ఒకటి గుచ్చి పెట్టాడు, జాగ్రత్త అన్నట్టు. వానాకాలం రాత్రి కరెంటు పోయిందంటే ఆ కొమ్మ కూడా కనిపించదు. పన్నెండో పలక మీద చెరుకు రసం బండి. పదమూడో పలక దగ్గర ఇంటివాళ్లు కారు ఎక్కించడానికి సిమెంటు వాలు కట్టుకున్నారు, కాబట్టి ఒక జానెడు ఎక్కి మళ్లీ దిగాలి. పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా ఏదో దుకాణానికి వచ్చినవాళ్ల మోటారు సైకిళ్లు. పంతొమ్మిదోది పగిలి ఒక పక్కకి ఒరిగింది, కాలు పెడితే టక్కున ఊగుతుంది. ఇరవయ్యో పలక దగ్గరికి చేరేసరికి నడిచే మనిషి ఎప్పుడో రోడ్డు మీదకి దిగిపోయి ఉంటాడు.

ఫుట్‌పాత్ ఉండగా జనం రోడ్డు మీద నడుస్తున్నారని పోలీసులు విసుక్కోవడానికి కారణం ఈ ఇరవై పలకలే. రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నడిచేవాళ్ల సౌకర్యాల కోసం రాసిన 103వ నంబరు మార్గదర్శకాల్లో, ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు నడక దారి ఉండాలని ఉంది. ఇద్దరు ఎదురెదురుగా వచ్చినా, చక్రాల కుర్చీ పక్క నుంచి ఒక మనిషి వెళ్లినా సరిపోయే వెడల్పు అది. ఎత్తు 150 మిల్లీమీటర్లకి మించకూడదనీ ఉంది. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ ఒక్క అడుగులో ఎక్కగలిగే ఎత్తు అది. మన దగ్గర కాలువ గోడ ఎంత లేస్తే ఫుట్‌పాత్ అంత ఎత్తుకి లేస్తుంది. అడుగున్నర ఎత్తు ఉన్నచోట్ల దాన్ని నడవడానికి కాదు, కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి వాడుతున్నారు. ఆ వాడకానికి మాత్రం బాగానే పనికొస్తోంది.

పలకలు ఎందుకిలా ఉంటాయంటే, దానికి నలుగురు యజమానులున్నారు. రోడ్డు ఒక శాఖది, కాలువ మునిసిపాలిటీది, స్తంభం కరెంటువాళ్లది, పైపు నీళ్లవాళ్లది. పూడిక తీసే కూలీకి పలక లేపడానికి డబ్బు ఇస్తారు, తిరిగి వేయించే బాధ్యత ఎవరి కాంట్రాక్టులోనూ స్పష్టంగా రాయరు. పలకకి రెండు ఇనప కొక్కేలు వదిలితే ఇద్దరు మనుషులు లేపి మళ్లీ పెట్టగలరు. కొక్కెం లేని పలకని గునపంతో లేపితే అంచు పగులుతుంది. ఇది ఇంజినీరింగ్ విద్య కాదు, తాపీ మేస్త్రీని అడిగినా చెప్తాడు. టెండరు రాసేటప్పుడు ఆయన్ని ఎవరూ అడగరు, అంతే.

చెరుకు రసం బండిని తరిమేస్తే సమస్య తీరుతుందనుకోవడం కూడా తప్పే. నడిచేవాళ్లు ఉంటారు కాబట్టే ఆ బండి అక్కడ ఉంది. అది ఉండటం వల్లే రాత్రి తొమ్మిదింటికి ఆ దారిలో దీపం వెలుగుతోంది, ఆడపిల్ల ధైర్యంగా నడవగలుగుతోంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రతి పట్టణంలో ఒక కమిటీ వేయమంది, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలంది. ఎక్కడ బండి పెట్టవచ్చో, ఎక్కడ కూడదో ఆ కమిటీ కూర్చుని తేల్చాలి. బండ్లు గోడవైపు ఒక వరసలో సర్దుకుంటే నడక దారి దానంతటదే బయటపడుతుంది. మనుషులు ఎవరూ కూర్చోని మోటారు సైకిళ్లు మాత్రం ఆ దారికి చేసే మేలు ఏమీ లేదు. అయినా అధికారుల లారీ వచ్చినప్పుడు ఎత్తుకెళ్లేది ఎక్కువగా తోపుడు బండినే.

ఫుట్‌పాత్ లేకపోతే నడక కష్టమవుతుంది. రోడ్డు దాటడం దగ్గర మాత్రం ప్రాణం మీదకే వస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లేనని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అంటే ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు.

ఒక మామూలు లెక్క వేసి చూద్దాం. పాత రెండు వరసల రోడ్డు వెడల్పు సుమారు 7 మీటర్లు. చేతిలో సంచీ ఉన్న అరవై అయిదేళ్ల మనిషి సెకనుకి 0.8 మీటర్లు నడుస్తుందనుకుంటే దాటడానికి తొమ్మిది సెకన్లు పడుతుంది. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ తొమ్మిది సెకన్లలో 125 మీటర్లు వస్తుంది. ఆమె రోడ్డు మీద కాలు పెట్టాలంటే అటు 125 మీటర్లు, ఇటు 125 మీటర్లు ఖాళీగా కనిపించాలి. ఇప్పుడు అదే రోడ్డుని నాలుగు వరసలు చేసి 14 మీటర్లు చేశారు. దాటడానికి పదిహేడున్నర సెకన్లు. కావాల్సిన ఖాళీ 240 మీటర్ల పైమాట. రోడ్డు నున్నగా, వెడల్పుగా అయింది కాబట్టి కారు 70 మీద వస్తోందనుకుంటే 340 మీటర్లు. అంత దూరం చూపు ఆనాలి, అంత వేగాన్ని అంచనా వేయగలగాలి. బజారు రోడ్డులో అంత ఖాళీ ఎప్పుడు దొరుకుతుంది? దొరకదు. ఆమె చెయ్యి పైకెత్తి, దేవుడి మీద భారం వేసి నడిచేస్తుంది. ఊరు బాగుపడిందని బ్యానరు కట్టిన రోడ్డే ఆమెకి అటు వీధిలో ఉన్న చెల్లెలింటిని దూరం చేసింది.

మధ్యలో డివైడరు కట్టి, ఒక మనిషి, ఒక సైకిలు నిలబడేంత చోటు వదిలితే ఈ లెక్క సగానికి పడిపోతుంది. ఒక వైపు చూసి సగం దాటి, ఆగి, రెండో వైపు చూసి మిగతా సగం దాటవచ్చు. మన డివైడర్లలో పూలమొక్కలకి చోటుంటుంది, ఇనప కమ్మీల కంచె ఉంటుంది, నిలబడటానికి చోటుండదు. దాంతో జనం కంచెలో ఒక కమ్మీ వంచి దారి చేసుకుంటారు. ఎక్కడ కమ్మీ వంగి ఉందో అక్కడే జనం దాటాలనుకుంటున్నారని అర్థం. సర్వే కోసం వేరే డబ్బు తగలేయక్కర్లేదు. ఆ వంగిన కమ్మీ దగ్గర రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకి లేపి, వెడల్పాటి గట్టులా కడితే బండి నెమ్మదించక తప్పదు, మనిషి దిగి ఎక్కక్కర్లేదు. నడుము విరిచే పాత స్పీడ్ బ్రేకరు కాదిది. సైకిలుకీ అంబులెన్సుకీ ఇబ్బంది లేకుండా రెండు వైపులా వాలుగా ఉంటుంది.

వేగం సంగతి చట్టంలోనే చిక్కుపడి ఉంది. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మునిసిపల్ పరిధిలో కారుకి గరిష్ఠ వేగం గంటకి 70 కిలోమీటర్లు, మోటారు సైకిలుకి 60. పొడి రోడ్డు మీద, బ్రేకులు బాగుంటే, గంటకి 30 మీద వస్తున్న కారు డ్రైవరు మనిషిని చూసిన క్షణం నుంచి సుమారు 13 మీటర్లలో ఆపగలడు. 50 మీద ఉంటే 28 మీటర్లు కావాలి. కారు ముందు భాగం తగిలిన మనిషి చనిపోయే ప్రమాదం, వేగం 50 నుంచి 65కి పెరిగేసరికి నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ మంత్రుల సదస్సు, మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట 30 మించకూడదని ప్రకటించింది. మరి మన బజారులో 70 ఎలా ఉంటుంది? ఉండక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం ఏ ప్రాంతానికైనా, ఏ రోడ్డుకైనా అంతకంటే తక్కువ వేగం నిర్ణయించవచ్చు. బడుల ముందు, ఆస్పత్రుల ముందు, సంత జరిగే మేర 30 అని ఒక ఉత్తర్వు ఇవ్వడానికి కోట్లు అక్కర్లేదు. ఉత్తర్వుతో పాటు ఆ గట్టు కూడా కడితేనే అది పనిచేస్తుందనేది వేరే మాట. బోర్డు చూసి వేగం తగ్గించే డ్రైవరు మన జిల్లాల్లో ఇంకా పుట్టలేదు.

2025 మే నెలలో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని, వికలాంగులు కూడా వాడుకునేలా అవి ఉండాలని రాష్ట్రాలకి చెప్పింది. హక్కు రావడం మంచిదే. దాన్ని పదకొండో పలక దాకా తీసుకురావాల్సింది మాత్రం వార్డు ఇంజినీరే.

సైకిలు విషయంలో ఒడిశా ప్రభుత్వం ఒక పని చేస్తోంది. తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్లలకి ఏళ్ల తరబడి సైకిళ్లు, లేదా వాటికి డబ్బు ఇస్తోంది. ఇలాంటి పథకం ఎంత పనిచేస్తుందో బిహార్ చూపించింది. అక్కడ 2006లో ఆడపిల్లలకి సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ పక్కనున్న జార్ఖండ్‌తో పోల్చి లెక్క తీస్తే, ఉన్నత పాఠశాలలో చేరే వయసు ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయని, ఆడ, మగ పిల్లల మధ్య తేడా 40 శాతం తగ్గిందని తేలింది. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ పెరుగుదల ఎక్కువగా బడి మూడు కిలోమీటర్లు, ఆ పైన ఉన్న ఊళ్లలో వచ్చింది. మూడు కిలోమీటర్లంటే నడిస్తే నలభై నిమిషాలు, సైకిలు మీద పావుగంట. ఆ పాతిక నిమిషాల తేడా ఆడపిల్ల చదువుని నిలబెట్టింది. గుంపుగా సైకిళ్ల మీద వెళ్తే దారిలో ఉండే భయం తగ్గడం కూడా దానికి తోడైంది.

మన సరిహద్దు పల్లెల్లో ఆ సైకిలు రెండేళ్ల తర్వాత ఏమవుతోంది? పదో తరగతి అయ్యాక అన్నయ్య తీసుకుంటాడు, లేదా నాన్న పొలానికి వేసుకెళ్తాడు. కాలేజీ పట్నంలో ఉంటుంది, పట్నానికి వెళ్లాలంటే హైవే ఎక్కాలి, హైవే మీద సైకిలు అంటే తల్లిదండ్రులు ఒప్పుకోరు. 16వ నంబరు జాతీయ రహదారి ఇచ్చాపురం దాటి బరంపురం పక్క నుంచి వెళ్తుంది. దాని వెంట ఉన్న పల్లెల పిల్లలకి పట్నం కళ్లెదురుగానే ఉంటుంది. సర్వీసు రోడ్డు ఉన్నంత మేర ఫర్వాలేదు. అది అయిపోయిన చోట లారీల పక్కన తొక్కాలి, లేదా ఎదురు దిశలో రావాలి. ప్రభుత్వం సైకిలిచ్చింది గానీ అది వెళ్లే దారి ఇవ్వలేదు. సర్వీసు రోడ్లని ఒకదానికొకటి కలపడం, అండర్‌పాసుల్లో వాననీరు నిలవకుండా చూడటం, అందులో ఒక దీపం పెట్టడం చేస్తే ఆ సైకిళ్లు పదో తరగతి దాటి కాలేజీ దాకా వెళ్తాయి.

కొండల్లో కథ మారుతుంది. కోరాపుట్, రాయగడ ఘాట్ రోడ్ల మీద గేర్లు లేని ఇరవై కిలోల సైకిలుని ఎక్కించమనడం అన్యాయం. అక్కడ నడకే రాజు. రాయగడ జిల్లా చాటికొనలో బుధవారం సంతకి నియమగిరి కొండల నుంచి డొంగరియా కొంధు గిరిజనులు పసుపు, అనాస, ఆకుకూరలు నెత్తిన పెట్టుకుని దిగివస్తారు. రైతు బజారుకి లారీలో వచ్చే సరుకుకి రోడ్డు వేస్తారు, నెత్తిన వచ్చే సరుకుకి వెయ్యరు. వాళ్లకి కావాల్సింది తారు కూడా కాదు. గెడ్డల మీద, అంటే కొండవాగుల మీద, కాలిబాట వంతెనలు, నిటారు చోట్ల రాతి మెట్లు, దారిలో ఒక బోరింగు, సంత దగ్గర ఆడవాళ్లకి మరుగుదొడ్డి. మల్కనగిరి జిల్లాలో బలిమెల జలాశయం వల్ల దశాబ్దాల పాటు విడిపోయిన 151 ఊళ్లని కలుపుతూ 2018 జులైలో 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరిచారు. అంతకు ముందు పడవే దిక్కు. అంత పెద్ద వంతెన కట్టగలిగిన రాష్ట్రానికి గెడ్డ మీద పది మీటర్ల కాలిబాట వంతెన కట్టడం కష్టమేమీ కాదు. పది మీటర్లది ప్రారంభించడానికి పెద్దలెవరూ రారు, అదొక్కటే చిక్కు.

సరిహద్దులో ఉండటం వల్ల వచ్చే చిక్కులూ కొన్ని ఉన్నాయి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం లాంటి ఊళ్లలో తెలుగువాళ్లు తరాలుగా ఉన్నారు. వి.వి. గిరి పుట్టింది బరంపురంలో, గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలో. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, రెండూ వచ్చినవాళ్లే ఎక్కువ. కానీ మాట్లాడటం వేరు, అర్జీ రాయడం వేరు. కాలువ పలక లేదని వార్డు ఆఫీసుకి రాయాలంటే ఒడియా చదువు రాని ముసలివాళ్లు మనవడి మీద ఆధారపడాలి. మనవడు బండి మీద తిరుగుతాడు కాబట్టి పలక సంగతి వాడికి గుర్తుండదు. ఫిర్యాదు చేసేవాడు నడవడు, నడిచేవాడు ఫిర్యాదు రాయలేడు. ఛక్ దగ్గర, అంటే కూడలి దగ్గర, దారి చూపే బోర్డులు కూడా కారువాళ్ల ఎత్తులోనే ఉంటాయి. భువనేశ్వర్ ఎన్ని కిలోమీటర్లో ఉంటుంది గానీ ఆస్పత్రి ఎటో నడిచేవాళ్ల కోసం రాసి ఉండదు.

ఇంకొకటి, రోడ్డు బాధ్యత గీత దగ్గర ఆగిపోతుంది. అటు శాఖ దీపాలు ఒక స్తంభం దాకా, ఇటు శాఖ దీపాలు ఇంకో స్తంభం దాకా. రెంటి మధ్య చీకటిలో నడిచేవాడు ఎవరి పౌరుడూ కాదు. పర్లాకిమిడికి, పాతపట్నానికి మధ్య ఒకే నడక దారి, ఒకే రకం దీపాలు, రెండు పక్కలా ఒకే వేగ పరిమితి అని రెండు జిల్లాల అధికారులు కూర్చుని మాట్లాడుకుంటే, దేశంలోనే రెండు రాష్ట్రాల మధ్య సైకిలు మీద పనికి వెళ్లిరాగల అరుదైన చోట్లలో ఇదొకటి అవుతుంది. ఈ ఊళ్లని ఒకప్పుడు రైలు కలిపింది కూడా. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది, 1931 నాటికి గుణుపురం చేరింది, 2011లో బ్రాడ్‌గేజి అయింది. ఆ లైనులో స్టేషన్ల దగ్గర తాళం వేసి సైకిలు వదిలే నీడ చోటు, కాపలా మనిషి ఉంటే చుట్టుపక్కల పల్లెలకి స్టేషను దగ్గరవుతుంది. బస్టాండులో సైకిల్ స్టాండు అనేది ఒకప్పుడు ప్రతి ఊళ్లో ఉండేది. చీటీ ఇచ్చి, నంబరు రేకు తగిలించేవాళ్లు. ఆ స్థలాల్లో ఇప్పుడు మోటారు సైకిళ్లు ఉన్నాయి, లేదా కాంప్లెక్సు లేచింది.

నీడ మాట వచ్చింది కాబట్టి: మే నెలలో బరంపురం ఉక్కపోతలో చెట్టు లేని రోడ్డు మీద ఎవరూ నడవరు. వెడల్పు పేరుతో కొట్టేసిన మర్రి, వేప, చింత బదులు డివైడరులో నాటిన పూలమొక్క మోకాలి ఎత్తు దాటదు.

భువనేశ్వర్‌లో 2018లో 'మో సైకిల్' పేరుతో ఫోనుతో తాళం తీసే అద్దె సైకిళ్లు పెట్టారు. అలాంటివి ఇక్కడా పెడితే బాగుంటుందని అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఫొటోలకి బాగుంటుంది. కానీ ఈ ఊళ్లలో కరువు సైకిళ్లకి కాదు. ప్రతి వీధిలో గోడకి ఆనించిన సైకిలు ఒకటి ఉంటుంది. టైర్లలో గాలి ఉండదు, చైను తుప్పు పట్టి ఉంటుంది. బాగుచేయించే మనిషి ఊళ్లో తక్కువైపోయాడు. పంచరు వేయడానికి మోటారు సైకిలు మెకానిక్కులు ఉన్నారు గానీ, సైకిలు రిమ్ము బెండు తీయడం వాళ్లకి రాదు, వచ్చినా గిట్టదు. చక్రాన్ని తిప్పి, ఒక కన్ను మూసి చూసి, చువ్వల్ని ఒకటి బిగించి ఒకటి వదులు చేసే పనికి అరగంట పడుతుంది, దానికి ఎవరూ ఎక్కువ ఇవ్వరు. తొమ్మిదో తరగతి పిల్లలకి ఇచ్చే వేల సైకిళ్లకి ఏడాదికోసారి ఆ అరగంట పని పడుతుంది. బ్లాకుకి ఇద్దరు సైకిల్ మెకానిక్కులకి బడి తరఫున ఆ పని ఇచ్చి, సైకిలుకి ఇంత అని కట్టినా పథకం ఖర్చులో అది చిల్లరే. ఇప్పుడున్న తరం పోతే నేర్పేవాళ్లు కూడా ఉండరు. వాళ్ల కొట్లు చాలావరకు కాలువ పలక మీదే ఉన్నాయి.